పొగలా పడిన అమ్మ

టూర్బ్యోర్న్ అన్నయ్యా,

ఇక్కడ అందరం క్షేమం, నీ కెమెరా కూడా. దాని మీది చక్రం ‘ఎ’ దగ్గర పెడితే మిగతాదంతా అదే చూసుకుంటుందన్నావు కదా, చూసుకుంది! అమ్మ ఎనభయ్యో పుట్టినరోజున హాల్లో వెలుతురు చాలక, కెమెరా తనంతట తానే షట్టర్‌ను అర సెకను తెరిచి ఉంచింది. డాన్సు చేస్తున్న అమ్మ ప్రతి ఫొటోలోనూ పొగలా పడింది.

“‘ఎ’లో నీ చేతిలో ఉండేది లెన్సు రంధ్రం ఒక్కటేనమ్మా. కదిలేవాళ్లకి ‘ఎస్’ పెట్టి, షట్టర్ వేగం నువ్వే చెప్పాలి,” అని పక్కింటి హాల్వర్డ్ గారు అంతా అయ్యాక తాపీగా సెలవిచ్చారు. నాకు ఏడుపొచ్చింది.

“ఏడుస్తావెందుకే? శనివారం మళ్లీ ఆడతాలే,” అంది అమ్మ.

‘ఎస్’లో ఏ అంకె పెట్టాలో వెంటనే రాయి. నీ మోకాలు తగ్గిందా? వదినకు ఉన్ని అందిందా? అమ్మ అప్పుడే బూట్లు పాలిష్ చేసుకుంటోంది.

నీకు అమ్మ ముద్దులు, నా తిట్లు.

చెల్లెలు ఇంగెబ్యోర్