దీవెన తీసుకున్నాక

ఫిదెన్సియో అన్నయ్యకు,

అక్షరాల వంకర చూసి నవ్వకు. మతి తప్పినవాళ్లను చూసుకునే ఇంటివాళ్లకు క్లినిక్ నుంచి ఫోన్‌కు మెసేజీలు వస్తాయని చెబితే, "ఇంటి గుట్టు ఊరందరికీ చాటుతావా" అని కసిరావు. అందుకే మూడు నెలలుగా చదివి ఊరుకున్నాను. "వాదించకండి, వెనక్కి తగ్గండి" అని వచ్చేది. మన వంటింట్లో వెనక్కి తగ్గితే తగిలేది పొయ్యే.

నాన్న కళ్లకు నేను, ఆయన కూలి చేసిన సలీనాస్ ఆకుకూర తోటల్లో ఆయన్ను తన్నిన మేస్త్రీని. మొదటిసారి గొంతు నులిమి, "ఇవాళ నీ పీక కోస్తా రా" అన్నాడు. చేతిలో ఆనాటి లెట్యూస్ ఆకుకూర కోసే కత్తి. మోకాళ్ల మీద పడి, చిన్నప్పుడు బడికి వెళ్తూ అడిగినట్టే "దీవించండి నాన్నా" అన్నాను. కత్తి జారింది. ఆ చెయ్యే నా నుదుట సిలువ గుర్తు వేసింది. "జాగ్రత్తగా వెళ్లిరా తల్లీ" అన్నాడు. నేను బయటికెళ్లి వీధి చుట్టి వచ్చేసరికి నిద్రపోతున్నాడు.

కత్తులన్నీ పక్కింట్లో దాచాను. నాలుగుసార్లు అలాగే గట్టెక్కాను. మంగళవారం "మీరు క్షేమమేనా?" అని మెసేజీ వస్తే, నీ మాట గుర్తొచ్చి "అవును" అని పంపాను.

బుధవారం మళ్లీ దీవించాడు. పెనం మీద రొట్టెలు మాడుతున్నాయని నేను కదల్లేదు. వెళ్లిరమ్మన్న కూతురు వెళ్లకపోయేసరికి ఆయనకు నాలో మళ్లీ మేస్త్రీయే కనబడ్డాడు. ఆ ఇనప పెనంతోనే నా కుడి మణికట్టు విరగ్గొట్టాడు.

నిన్న మళ్లీ అదే మెసేజీ వస్తే ఎడమచేత్తో "కాదు" అని పంపాను. ఇదీ ఎడమచేతి రాతే.

నాన్నను చూసుకోవడానికి శనివారం నువ్వు రా. నేను దీవెన తీసుకుని గడప దాటుతాను. ఈసారి వీధి చుట్టి వెనక్కి రాను.

నీ చెల్లెలు