సరంగు ఎక్కిన స్ట్రెచర్

డాక్టరమ్మ గారికి నమస్కారమండి.

మీ ఆసుపత్రి క్యాంటీన్లో టీ గ్లాసులు ఎవరు కొన్నారో గానీ, మా మనవరాలు బొమ్మలాటకి కూడా వద్దంటదండి. నాలుగు తాగినా నాలుక తడవలేదు.

మొన్న బోటు బోల్తాపడి రాత్రంతా నీళ్ళల్లో నానిన పోలయ్య మా బావేనండి. వెతకడానికి దారి చూపమని రెస్క్యూ షిప్పోళ్ళు నన్నూ ఎక్కించుకున్నారు. బావ కనపడగానే ఒడ్డు నుంచి మీరు వైర్‌లెస్‌లో గట్టిగా చెప్పారు కదా, "ఆయన్ని నిలబెట్టొద్దు, గుండె ఆగిపోవచ్చు, పడుకోబెట్టే పైకి లాగండి" అని.

స్ట్రెచర్ దించబోతే బావ నీళ్ళల్లోంచే తిట్లు లంకించుకున్నాడు. "బతికుండగానే పాడె ఎక్కిస్తారేంట్రా? నిచ్చెన వెయ్యండి!" బోటు నడిపే సరంగు ఇంకొకళ్ళ చేత మోయించుకుంటే మా రేవులో నామర్దా అండి. పెదాలు నల్లబడ్డా పొగరు తగ్గలేదు.

నాకు ఏడుపొచ్చేసింది. అది కనపడనీకుండా, డెక్కు అంచున ఉన్న స్ట్రెచర్లో నేనే ఎక్కి పడుకున్నాను.

"బావా, ఇది సరంగులకేనంట, డాక్టరమ్మ చెప్తోంది! నువ్వు నిచ్చెనెక్కు. రేవులో జనం ముందు నేను దీంట్లో దిగుతా!"

"లెగరా ఎదవా! సరంగువి నువ్వా, నేనా?"

పడుకునే పైకొచ్చాడండి.

ఇప్పుడు వార్డులో అందరికీ ఆ మర్యాద గురించే చెప్తున్నాడు. మిమ్మల్ని అడిగితే అవుననండి. ఆ మాట మీ పేరు మీద నేనే పుట్టించానని తెలిస్తే, మీరు లేవొద్దన్నా వినడు, నన్ను తన్నడానికి లేస్తాడు.

ఇట్లు,
సరంగు గారి బావమరిది