లైసెన్సులో నా షరతు

కనాటా,
శనివారం

పిన్నీ,

మొన్న ఫోన్లో ఉద్యోగం పోయినట్టేనని ఏడ్చి నిన్ను కంగారు పెట్టాను. పోలేదు! ఏం జరిగిందో ఈసారి స్థిమితంగా రాస్తున్నాను.

జనం కొనుక్కున్న క్రిప్టో కరెన్సీని మా కంపెనీ భద్రంగా దాచిపెడుతుంది కదా. ఆ వ్యాపారం కరీబియన్ దీవి ఒకదానిలో కూడా చేయడానికి లైసెన్సుకు అప్లై చేశాం. దొంగ డబ్బు లోపలికి రాకుండా చూసే బాధ్యత నాది కాబట్టి, అక్కడి అధికారి ఒకావిడ నన్ను వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేసింది. మా యజమాని కిరీటి గారు నా పక్కనే కూర్చున్నారు.

"అనుమానం ఉన్న డబ్బును మీ యజమానే తీసుకోమంటే ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఆపేస్తాను. ఆయన వినకపోతే మీకే రాస్తాను," అనేశాను.

ఆ తర్వాత రెండు రోజులు కిరీటి గారు నాతో మాట్లాడలేదు. అప్పుడే నీకు ఫోన్ చేశాను.

నిన్న లైసెన్సు వచ్చింది. అందులో ఆ దీవి అధికారులు ఒక షరతు పెట్టారు. వాళ్లు ఒప్పుకోకుండా నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదట! కిరీటి గారు దాన్ని అందరి ముందూ చదివి పగలబడి నవ్వారు.

"మీ మీద కోపమొచ్చిన మాట నిజమేనండీ. కానీ మీ జవాబు నచ్చే లైసెన్సు ఇచ్చామని ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. ఇక మీకంటే నన్ను తీసెయ్యడమే ఈజీ!" అన్నారు.

వచ్చే నెల నేను ఆ దీవికి వెళ్లాలి. మీ విండ్సర్ మంచును బాబాయికి వదిలేసి నువ్వూ వచ్చెయ్. సముద్రం వెచ్చగా ఉంటుందట.

ఇంకా ఉద్యోగంలోనే ఉన్న
నీ అమ్మాయి