మామ తిన్న సల్సా

జూలై 6, ఆదివారం

కుసుమ డాబా మీద పెంచిన డ్రాగన్ ఫ్రూట్ ఈరోజు కోసింది. పాత డ్రమ్ములో ఆ ముళ్ల కాడలు నాటినప్పుడు నేనే నవ్వాను. పండు లోపల ముదురు గులాబీ రంగు. టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర అన్నీ దానితో కలిపి సన్నగా తరిగి నిమ్మరసం వేసింది. సల్సా అట. యూట్యూబ్‌లో చూసిందట.

మామ తిన్నారు.

అసలు రాసుకోవాల్సింది ఇదే. మార్చిలో టైఫాయిడ్ వచ్చి తగ్గినప్పటి నుంచి ఆయనకు తిండి లేదు. నాలుగు నెలలుగా నేను చెయ్యనిది లేదు. రాగిజావ, మెత్తటి పప్పన్నం, మిరియాల చారు. రెండు ముద్దలకే పళ్లెం పక్కకు నెట్టేవారు. పందొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో వంట నాది. కుసుమ నా మరిది దేవేంద్ర భార్య, వచ్చి మూడేళ్లు కాలేదు. ఈరోజు మామ గిన్నె ముందుకు జరిపి "ఇంగ రవ్వంత ఎయ్యిమా" అన్నారు.

నాతో కాదు.

జూలై 7

పుంగనూరు బస్సులో సీటు దొరకలేదు. స్కూల్లో పిల్లల మీద ఊరికే అరిచాను.

జూలై 13, ఆదివారం

మళ్లీ సల్సా. మా ఆయన సురేంద్ర కూడా తిని, ఇట్లాంటిది హోటల్లో కూడా దొరకదన్నాడు. నా వంట గురించి ఆయన అనేది ఒకటే మాట, "బాగుండాది". అదీ ఫోన్ చూసుకుంటూ.

నేను తినలేదు. పులుపు పడదన్నాను. అబద్ధం.

జూలై 18

కుప్పంలో కుసుమ చెల్లెలికి కాన్పు అయింది. కుసుమ నాలుగు రోజులు ఉండి వస్తుంది. మొక్కలకు నీళ్లు పొయ్యమంది. "రెండు పండ్లు మాగినాయక్కా, నేనొచ్చినాక కోస్తా, రొంత సూస్తా ఉండు" అని బస్సెక్కింది.

జూలై 19, మధ్యాహ్నం

రెండూ కోశాను.

సాయంత్రం 6

వీడియో చూసి అంతా అలాగే చేశాను. కుసుమ కంటే సన్నగా తరిగాను. రుచి చూశాను. చాలా బాగుంది. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

మామ ఒక స్పూన్ తిని, తువ్వాలుతో మూతి తుడుచుకుని చాలన్నారు. బాగాలేదా అని అడిగితే తెలియదన్నారు. మరి కుసుమ చేస్తే ఎలా తిన్నారని గట్టిగానే అడిగేశాను. ఆయన కాసేపు తన చేతుల వైపు చూసుకున్నారు. మార్చి నుంచి నాలుకకు ఏ రుచీ తెలియడం లేదట. "ఆ పాప టమాటాలు తెచ్చి నా ముందర పోస్తాదిమా. ఏది కొయ్యాల, ఏది పచ్చిది అని అడుగుతాది. నిమ్మకాయి నాతోనే పిండిస్తాది. నేను చేసింది గదా అని తింటా" అన్నారు.

నలభై ఏళ్లు టమాటా పండించి మదనపల్లె మార్కెట్ యార్డుకు తోలిన మనిషి. ఆయన వంటింట్లోకి వచ్చినప్పుడల్లా, మీకెందుకు మామా, పోయి కూర్చోండి అని పంపేసింది నేనే.

జూలై 22

కుసుమ వచ్చింది. పండ్లు ఉడుతలు తినేశాయని చెప్పాను. పోనీలే అక్కా అంది. సాయంత్రం ఆరిన బట్టలు తీసింది. మామ తెల్ల తువ్వాలు మీద గులాబీ మరక ఉతికినా పోలేదు. దాన్ని మడిచి నా చేతికిచ్చింది.

అరిచి ఉంటే బాగుండేది.

జూలై 24

పొద్దున లేచేసరికి నా గది కిటికీలో పెయింట్ డబ్బా, అందులో నాటిన డ్రాగన్ కొమ్మ. ఇది నీదక్కా, వచ్చే ఏడు కాస్తాది అంది. మంచితనం కూడా తనదే. నాకేం మిగిల్చింది?

ఉడుతలు కాదు, నేనే అని చెప్పాను. తెలుసక్కా అంది. మామకు నచ్చిందా అని అడిగింది. నీ సల్సా రుచి కూడా ఆయనకు తెలియదు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో తన మొహం ఎలా వాడిపోతుందో కళ్లకు కనిపించింది కూడా.

నీదే ఇష్టమట అన్నాను.

జూలై 25

మామను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. రుచి మెల్లగా తిరిగి రావచ్చన్నాడు.

జూలై 27, ఆదివారం

కత్తి, ఉల్లిపాయలు మామ ముందు పెట్టాను. ముక్కలు లావులావుగా తరిగారు. నేను మళ్లీ తరగలేదు. కూర అలాగే చేశాను. అన్నం రెండోసారి పెట్టించుకున్నారు.

డాబా మీద కుసుమ ఏదో పాడుకుంటోంది. గొంతు కూడా బాగుంది.