కొండ మీద పేర్చిన ఇల్లు

అక్టోబర్ 27, సోమవారం

కాలేజీ గ్రౌండ్‌లో నడిచే దారి ఇద్దరికే సరిపోతుంది. ఇన్నేళ్లూ ఆ ఇద్దరం నేనూ సరోజ. ఈరోజు ముగ్గురం.

"ఈమె గ్లోరీ. మా ధర్మవరం గ్లోరీ. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ మాది" — సరోజ మొహం చూడాలి, పండగలాగా ఉంది. స్టాఫ్ నర్సట. ట్రాన్స్‌ఫర్ మీద హిందూపురం ఆసుపత్రికి వచ్చిందట.

ముగ్గురు పక్కపక్కన నడవలేరు. ఒకరు వెనక పడాలి. రెండో చుట్టుకే ఆ ఒకరు ఎవరో తేలిపోయింది. మిగతా చుట్లన్నీ సరోజ జడ చూస్తూ నడిచాను. గ్లోరీ జడ కూడా. పొడుగ్గా ఉంది. నల్లగా ఉంది. రంగు వేస్తుందేమో.

అక్టోబర్ 28

ఈరోజూ వచ్చింది.

రంగు వేయదట. అడిగాను.

అక్టోబర్ 30, గురువారం

ఓనరమ్మ పొద్దున్నే మెట్ల దగ్గర పట్టుకుంది. "మావానికి పెండ్లి కుదిరింది పద్మా. పైనిల్లు వానికి గావల్ల. మీరు బిరీన ఇంకోటి చూసుకోండి."

మళ్లీ సామాను. మళ్లీ అట్టపెట్టెలు. రోజంతా రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చుని ఊళ్లోవాళ్ల ఇళ్లకు వేలిముద్రలు వేయించేది నేను. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర రస్తా... నా పేరు మీద మాత్రం ఏ దిక్కునా ఏమీ లేదు.

నడకలో సరోజకు చెప్పాను. ఇల్లు ఖాళీ చేయమన్నారు సరోజా, అని. "అయ్యో" అంది. ఇంకేదో అనబోయింది — అప్పుడే గ్లోరీ వాళ్ల సైన్స్ సార్ సంగతి ఎత్తింది. క్లాసులో నిద్రపోతే చాక్‌పీస్ విసిరేవాడట. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నా ఇల్లు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

ఇన్నేళ్ల స్నేహానికి ఒక్క అయ్యో.

నవంబర్ 1, శనివారం

పెనుకొండ కొండ ఎక్కుతారట.

"ఈ పక్క ఎక్కి, చుట్టి ఆ పక్క దిగొచ్చంట గదా? వానలు బాగా పడినాయి, పైన గుంటలన్నీ నిండింటాయి" — గ్లోరీ ఇలా అందో లేదో, సరోజ: "పోదాం పా, వచ్చే ఆదివారమే!"

అది మా కొండ. నాదీ సరోజదీ. ప్రతి ఏడూ వానలయ్యాక చుట్టి రావాలనుకుంటాం. ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం — ఆఫీసులో ఆడిట్, నా మోకాలు, మా చెల్లెలి కాన్పు. వాయిదా వేసింది నేనే. అయితే మాత్రం? మంచి చీర కట్టుకోకుండా బీరువాలో పెట్టుకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తారా?

"నువ్వు గూడా రా పద్మా" — గ్లోరీ నన్ను పిలుస్తోంది. నన్ను. మా కొండకి.

కుళ్లు. వేరే పేరు పెట్టడం ఎందుకు.

నవంబర్ 4

బూట్లు కొన్నాను. గులాబీ రంగు. నా సైజులో అవే ఉన్నాయి.

మా ఆయన బూట్లనీ నన్నూ మార్చి మార్చి చూసి, "కొండకా? నువ్వా?"

నవంబర్ 6, గురువారం

పరిగి రోడ్డులో ఒక సైటు ఉందని ఎవరో చెబితే మా ఆయన చూసి వచ్చాడు. చిన్నదే. లోను సంగతి కనుక్కుంటానన్నాడు. ఆశపెట్టుకోకూడదని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. అనుకుని, వంటిల్లు ఏ వైపు రావాలో రాత్రి భోజనం అయ్యేదాకా మాట్లాడుకున్నాం.

నవంబర్ 9, ఆదివారం

పాదాలు బకెట్లో పెట్టుకుని రాస్తున్నా.

తొలి బస్సు. ముగ్గురి సీటు. కిటికీ గ్లోరీకి, మధ్యలో సరోజ, చివర సగం సీటు మీద నేను. పెనుకొండ వచ్చేదాకా వాళ్ల ధర్మవరం. వాళ్ల వీధి, వాళ్ల మగ్గాల చప్పుడు, సరోజ వాళ్ల నాయన నేసిన తొలి పట్టుచీర... "ఆ నెమలికంఠం రంగు చీర గ్యాపకముందా?" "ఎట్ల మర్సిపోతా!" నాకు ఆ చీర సంగతి ఇంతవరకూ తెలియదు. నాకు చెప్పలేదు.

ఊరి వెనక కోట వాకిలి దాటాక మెట్లు. కొంతదూరం మెట్లు, తర్వాత ఉత్త బండలు. రెండు వైపులా సీతాఫలం పొదలు. గ్లోరీ మేకలాగా ఎక్కుతుంది. నర్సు కదా, రోజంతా కాళ్ల మీదే ఉంటుంది, అందులో గొప్పేముంది... ఈ మాట పైకే అనేదాన్ని, ఊపిరి అందలేదు.

మొదటి గుంట. కోటగోడ నీడలో నీళ్లు నల్లగా నిలిచి ఉన్నాయి. అంచున కలువలు. గట్టు మీద టిఫిన్. నేను చిత్రాన్నం తీసుకుపోయాను. సరోజ ఉగ్గాని తెచ్చింది, పప్పులపొడి దండిగా వేసి. అలా వేస్తే నాకు ఇష్టమని ఆమెకు తెలుసు. సంతోషించేలోపే గ్లోరీ: "నాకు పొడి ఎక్కువుండాలని ఇంగా గ్యాపకం పెట్టుకున్నావే!" సరోజ నవ్వి ఊరుకుంది. ఎవరి కోసం వేసిందో చెప్పలేదు. నేను రెండోసారి పెట్టించుకోలేదు.

గుంట దాటితే గడ్డి. కొండ మీద ఇంత గడ్డి ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. మోకాలెత్తు. పచ్చదనం పసుపులోకి తిరుగుతోంది. గాలి వస్తే మొత్తం ఒకే వైపు వాలుతుంది. అడుగు పడిన చోట బోదగడ్డి నలిగి నిమ్మకాయ వాసన. కింద ఊరు, పొలాలు, ఎక్కడో రైలు కూత. కాసేపు నాకు ఎవరి మీదా ఏమీ అనిపించలేదు. రాసిపెట్టుకోవాలి, అలా కూడా ఉన్నాను ఈరోజు.

గడ్డి అయిపోయి జారుడుబండ వచ్చింది. సరోజ ముందు దిగి చేయి చాచింది — గ్లోరీకి. గ్లోరీ నాకంటే ముందుంది కాబట్టి చాచింది, నాకు తెలుసు. తెలిస్తే మంట తగ్గుతుందా? నా వంతు వచ్చేదాకా ఆగకుండా కూర్చుని జారాను. చుడీదార్ చిరిగింది.

రెండో గుంట దగ్గర నా పని అయిపోయింది. కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. "మీరు పైన కొండ మీది గుడి దాకా పోండి, నేను మెల్లగా వస్తా" అన్నాను. మర్యాదకైనా ఆగుతుందనుకున్నా. "సరే, నువ్వు ఈడే కూచో. కదలొద్దు" — సరోజ. ఎంత తొందరగా ఒప్పుకుందో!

గుడికి పోయే దారిలో బండల నిండా పేర్చిన రాళ్లు. సొంతిల్లు కావాలని మొక్కుకునేవాళ్లు పేరుస్తారు, రాయి మీద రాయి. గుంట గట్టు నుంచి వాళ్లిద్దరూ కనిపిస్తూనే ఉన్నారు. గ్లోరీ రాళ్లు ఏరి అందిస్తుంది, సరోజ పేరుస్తుంది. కూలిపోతే మళ్లీ మొదటి నుంచి. నవ్వులు నాదాకా వినిపిస్తున్నాయి. సరోజకు రెండంతస్తుల ఇల్లుంది. గ్లోరీ ఇప్పుడిప్పుడే వచ్చి అద్దెకు దిగింది. అర్థం కావడానికి ఇంకేం కావాలి? నిన్నగాక మొన్న వచ్చిన మనిషికి ఇల్లు కడుతోంది. ఇన్నేళ్లలో నా కోసం వంగి ఒక్క రాయి ఎత్తలేదు.

వాళ్లు దిగివచ్చి సీతాఫలాలు కోయడానికి పొదల్లోకి పోయారు. "దండం పెట్టుకొనొస్తా" అని నేను ఎక్కాను. మడమల నొప్పి ఎటు పోయిందో.

కనిపెట్టడం కష్టం కాలేదు. మిగతావన్నీ ఎండకు ఎండి, వానకు నానినవి. ఇది కొత్తది, రాళ్ల అడుగున ఇంకా తడిమట్టి. అడుగున వెడల్పాటి పలక, పైపైకి చిన్నవి, అన్నిటికంటే పైన నున్నటి తెల్లరాయి. చక్కగా ఉంది. అదే నచ్చలేదు.

బూటు కొనతో తోశాను. పెద్ద చప్పుడు కూడా రాలేదు.

తెల్లరాయి దొర్లి నా కాలి దగ్గరికే వచ్చింది. తీసి సంచిలో వేసుకున్నాను. ఎందుకో తెలియదు. గుడి దాకా పోలేదు.

ఆ పక్క దారిన దిగుతుంటే సరోజ ఒక సీతాఫలం విప్పి సగం నాకిచ్చింది. "ఏమ్మే, దండం పెట్టుకున్నావా?" పెట్టుకున్నా అన్నాను. పండు తియ్యగా ఉంది.

నవంబర్ 10

నడకకు పోలేదు. గ్లోరీ ఫోన్ చేసింది. "మడమలెట్ల ఉండాయి? బొబ్బలు పగలగొట్టొద్దు. సాయంత్రం ఆయింట్‌మెంట్ తెచ్చిస్తా." తెచ్చి ఇచ్చింది కూడా. తనే కింద కూర్చుని నా పాదం ఒళ్లో పెట్టుకుని రాసింది.

మంచిది కాకపోయి ఉంటే ఎంత బాగుండేది.

నవంబర్ 11, మంగళవారం

పరిగి రోడ్డు సైటు పోయింది. వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేశారట. మా ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా కుర్చీలో కూర్చున్నాడు. వంటిల్లు ఏ వైపో అన్న మాట ఇద్దరం ఎత్తలేదు.

ఆ దస్తావేజు నా టేబుల్ మీదికే వస్తుంది.

నవంబర్ 12, బుధవారం

ఎవరో బంధువుల పెళ్లని సరోజ నడకకు రాలేదు. గ్లోరీ, నేను. దారి ఇద్దరికీ సరిపోయింది.

సైటు పోయిందని చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. గ్లోరీ ఆగిపోయింది.

"బాధ పడొద్దు పద్మా. నీకు సొంతిల్లు వస్తాది. సరోజ చెప్పొద్దనింది... చెప్తే జరగదంట. కానీ నువ్విట్ల మొగం పెట్టుకుంటే ఎట్ల ఊరుకునేది?"

ఏం చెప్పొద్దంది?

"కొండ మీద రాళ్లు పెట్టింది గదా, నీ కోసరమే. మీ ఓనరమ్మ ఖాళీ చేయమనిందని ఆ పొద్దంతా ఒకటే చెప్తాండె. నిన్ను చూడనీగూడదని గుంట కాడ కూచోబెట్టింది. పైన పెట్టేకి తెల్లరాయే కావల్లని ఎంతసేపు ఎతికిందో! నేనూ అందిచ్చినాలే. ఏ దేవుడైతేనేమి, ఇల్లు వస్తే సాలు."

మరి నీకు? నీ ఇల్లు? — అడిగాను.

"నాకేంటికి? ధర్మవరంలో మా నాయన కట్టిచ్చింది ఉండాది గదా."

ఇంకా రెండు చుట్లు నడిచాను. ఎలా నడిచానో తెలియదు.

నవంబర్ 13

నిజం రాయాలి, ఎవరూ చదవరు కాబట్టి.

నిన్న గ్లోరీ చెప్పినప్పుడు మొట్టమొదట కలిగింది సిగ్గు కాదు. నా సంగతి సరోజ నాతో కాకుండా ఈమెతో మాట్లాడిందా, అని. నా ఇల్లు వాళ్లిద్దరి రహస్యమా, అని. సిగ్గు తర్వాత వచ్చింది. ఇంటికి వచ్చి బీరువా తెరిస్తే చీరల కింద దాచిన రాయి తెల్లగా కనిపించింది, అప్పుడు.

ఒక్క అయ్యో అని రాశాను పైన. కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు.

నవంబర్ 14, శుక్రవారం

సరోజ వచ్చింది నడకకు. గ్లోరీకి డ్యూటీ మారిందట, ఇక పొద్దున పూట రాదు. ఇద్దరమే. పక్కపక్కన.

"ఎల్లుండి మళ్లా పెనుకొండకు పోదాం పా. ఈ తూరి మనిద్దరమే. నీకొకటి చూపించల్ల."

ఏమిటి?

"ఆడికొచ్చినాక చూద్దువు గాని. చెప్పగూడదనే అనుకున్నా. సైటు పోయిందని గ్లోరీ చెప్పినాక మనసుకు బాగలేదు. నువ్వు చూస్తే నీకే ధైర్యమొస్తాది."

నా మడమలు ఇంకా మానలేదన్నాను.

"మెల్లగా పోదాంలే. నేను పట్టుకుంటా. ఎన్నేండ్ల నుంచి అనుకుంటాండాం, మనిద్దరమే పోవాలని!"

అవును. ఎన్నేళ్ల నుంచో.

నవంబర్ 15, శనివారం

రేపు తొలి బస్సు.

బస్సులోనే చెప్పేయాలి. కానీ ఆ తర్వాత పెనుకొండ దాకా పక్కన ఎలా కూర్చోవడం? గడ్డి దగ్గర చెబుతా. గాలికి సగం మాటలు పోతాయి. లేదా ఆమె గుంట దగ్గర ఆగినప్పుడు నేనే ముందు ఎక్కి మళ్లీ పేర్చేస్తే... నన్ను ఒక్కదాన్నే ముందు పోనిస్తుందా? మోకాలు, మోకాలు అంటూ వెంటే ఉంటుంది. అయినా ఏ రాయి దేని మీద ఉండేదో నాకేం తెలుసు. బాగుందని చూశాను కానీ సరిగా చూడలేదు.

గాలికి పడిపోయిందేమో అనొచ్చు. కోతులున్నాయి కొండ మీద. సరోజ నమ్ముతుంది. నేనేం చెప్పినా నమ్ముతుంది, అదే కదా.

అప్పుడు మళ్లీ వంగుతుంది, రాళ్లు ఏరడానికి. తెల్లరాయి కోసం వెతుకుతుంది.

సాయంత్రం నుంచి రాయిని సంచిలో పెట్టి తీసి, మళ్లీ పెట్టాను. మా ఆయన చూసి "అదేంటి?" అన్నాడు. రాయి అన్నాను.

ఇప్పుడే సరోజ మెసేజ్. "ఉగ్గాని చేస్తాండా. పొడి దండిగా వేస్తాలే, నీకిష్టం గదా. నువ్వేమీ తేవద్దు, ఊరికే రా."

సరే అని పెట్టాను.

సంచి వాకిలి దగ్గర బూట్ల పక్కనే ఉంది. నీళ్ల బాటిల్ కింద రాయి.