సముద్రానికి సెలవు

అక్రా,
మంగళవారం సాయంత్రం

అమ్మా కోర్లే,

నేను రేపటికి ఇల్లు చేరలేను, ఎదురుచూడకు. మీ అమ్మ పోయే ముందు అడిగింది ఒక్కటే, తన తలగుడ్డను పుట్టింటి పడవలో తీసుకెళ్లి సముద్రంలో వదలమని. అది ఇంకా నా సంచిలోనే ఉంది.

పొద్దున బస్సు దిగి నేరుగా రేవుకు వెళ్లాను. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మీ మామయ్య లాంటే వల బాగుచేస్తూ నవ్వాడు.

"మంగళవారం వచ్చావేంటి బావా? ఇవాళ సముద్రానికి సెలవు, ఎవరూ పడవ దించరు. ఇన్నేళ్లు మా అక్కతో కాపురం చేసి ఇది కూడా తెలీదా?"

"ఒక్క గంట చాలు," అన్నాను.

"నేను ఒప్పుకున్నా మా అక్క ఒప్పుకోదు. కాలుగాలిన పిల్లిలా తిరక్కుండా, కూర్చుని ఈ వల కొస పట్టుకో."

కూర్చోలేకపోయాను. దీపస్తంభం దాకా నడిచాను, బస్సుల దగ్గరికి నడిచాను, మళ్లీ రేవుకే వచ్చాను. సంచి మాత్రం భుజం మీంచి దించలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. సముద్రం ఊసే లేని మన తమాలేలో కూడా అమ్మ మంగళవారం చేప వండేది కాదు. అడిగితే చేపలు బజారుకు రాలేదనేది. పోయిన మంగళవారం మనం చేపే తిన్నాం.

వెళ్లి వల కొస పట్టుకున్నాను.

రేపు తెల్లవారగానే పడవ వెళ్తుంది. గుడ్డ నేనే వదలాలట. ఆ తర్వాత బస్సెక్కుతాను.

ఇకమీదట మంగళవారాలు చేప కొనకు. తమ్ముడు అడిగితే, బజారుకు రాలేదని చెప్పు.

నాన్న