అభ్యంతరం లేనివాళ్ళు

ఉయ్యూరు

చిరంజీవి వినీలకు,

ప్రభువు నిన్ను చల్లగా చూచుగాక. ఫోనులో నువ్వు లాయరువి, నేను బోధకుణ్ణి. ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినే అలవాటు ఇద్దరికీ లేదు. అందుకే కాగితం పట్టాను. దీన్ని మధ్యలో ఆపలేవు గదా.

స్టీఫెన్ మంచివాడు. ఆ విషయంలో నాకూ మీ అమ్మకూ పేచీ లేదు. పేచీ అల్లా నువ్వన్న మాటతోనే. "గుళ్ళో ప్రకటన వద్దు నాన్నా, రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంటాం. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడ్డాక ఊరికేం పని? నా జీవితం నాది" అన్నావు. పెళ్ళివాళ్ళ పేర్లు మూడు ఆదివారాలు సంఘం ముందు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడగడం మీ తాతల నాటి నుంచీ ఉంది. ఇప్పుడు ఆ ప్రకటన చదివే గొంతు నాది. సొంత కూతురి పేరు చదవొద్దంటే ఎట్లా ఉంటుందో ఆలోచించావా?

"నా జీవితం నాది" అన్నది నీ మాట కాదమ్మా, ఈ కాలపు గాలిది. మనిషి తను ఎంచుకున్నదానికే కట్టుబడాలట, ఎంచుకోనిదంతా సంకెలేనట. అమ్మను ఎంచుకున్నావా? తెలుగును ఎంచుకున్నావా? నిన్ను మనిషిని చేసినవన్నీ నీ ఇష్టం అడక్కుండా వచ్చినవే. కృష్ణ కాలువకు గట్లు పోసింది నీళ్ళ మీద కోపంతో కాదు. గట్టు తెగిన రోజున నీళ్ళకు స్వేచ్ఛ, పైరుకు చావు.

బైబిల్లో రూతును పెళ్ళాడాలనుకున్న బోయజు ఏం చేశాడు? ఊరి ద్వారం దగ్గర కూర్చుని పెద్దలను పిలిచాడు. జనమంతా మేము సాక్షులం అన్నారు. పరాయి దేశపు పిల్ల ఆ మాటతో ఊరి కోడలైంది.

సంఘం అడగరాదంటావు, మరి సర్కారు అడగొచ్చా? అక్కడ కూడా నెల రోజులు నోటీసు అంటించి అభ్యంతరాలు అడుగుతారని నువ్వేగా చెప్పావు. మనవాళ్ళను లేవగొట్టిన కుర్చీ ఖాళీగా ఉండదమ్మా, గుమస్తా వచ్చి కూర్చుంటాడు. మనిషికీ ప్రభుత్వానికీ నడుమ ఇల్లూ గుడీ పేటా లేకుండా చేసి, దానికి స్వాతంత్ర్యమని పేరు పెట్టారు మీ చదువుకున్నవాళ్ళు. నేను దాన్ని దిక్కులేనితనం అంటాను. ఆటోనగర్ షెడ్డులో లారీలకు బాడీలు కడుతూ, అన్నం వేళ వాక్యం చదువుకుని నేర్చినవాణ్ణి. ఇంతకంటే మెత్తగా చెప్పడం రాదు.

మొదటి సంబంధం మరిచావా? ఆ ఏలూరువాడితో నీ ప్రకటన చదువుతుంటే మన పేటలో కూలికి పోయే అమలమ్మ లేచింది. "అయ్యా, ఆడికి పెళ్ళయింది. ఆ ఊరు నాట్లకి పోయినప్పుడు పెళ్ళాన్నీ బిడ్డనీ నా కళ్ళతో చూశా" అంది. ఆమె నోరు విప్పకపోతే నీ బతుకేమయ్యేది? అమలమ్మకు నోటీసు బోర్డు చదవడం రాదు.

కనక ఆ ఆఫీసుకు నేను రాను. మీ అమ్మ సంగతి మీ అమ్మే చెబుతుంది.

నీ మంచి కోరే
నాన్న యేసురత్నం

*

గవర్నర్‌పేట, విజయవాడ

నాన్నా,

నీ వాదంలో బలం ఉంది. మా సీనియరు గారికి వినిపిస్తే నిన్ను జూనియరుగా పెట్టుకుంటారు.

అమలమ్మ నన్ను కాపాడింది. ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆ తర్వాత జరిగింది నువ్వు రాయలేదు. నీకు తెలియదు, ఆ సాయంత్రమే సభలకని దివిసీమ వెళ్ళిపోయావు. గుళ్ళోంచి నేనూ అమ్మా నడిచి వస్తుంటే ముందు వెళ్ళేవాళ్ళు అడుగు పెంచారు. నువ్వు తిరిగొచ్చిన క్రిస్మస్ దాకా మన గుమ్మం ఎవరూ తొక్కలేదు. పాటల్లో ఎప్పుడూ నా పక్కన నిలబడే స్టెల్లా వెనక వరసకు మారింది. తప్పు చేసింది వాడు నాన్నా, జాలీ గుసగుసా నాకు మిగిలాయి.

అభ్యంతరం చెప్పమంటే గుడి నిండా మనుషులున్నారు. ఏడుస్తుంటే ఒక్కరూ లేరు. రూతుకు ఊరు దొరికింది, నాకు దొరకలేదు. నోటీసు బోర్డుకు నా మీద ప్రేమ లేదు, నిజమే. నా వంక వింతగా కూడా చూడదు. అందుకని దాన్ని ఎంచుకున్నాను. నీ మీద పంతంతో కాదు.

నువ్వు వస్తే బాగుండు.

వినీల

*

ఉయ్యూరు

నా వినీలమ్మకు,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. కానీ ఆదివారం సిద్ధం చేసుకున్న ప్రసంగం పక్కన పెట్టి, సంఘాన్ని ఒక్కటే అడిగాను. "ఆనాడు అభ్యంతరం ఉందా అని అడిగాం. ఉందన్నారు, మంచిదే. మరి ఆ తర్వాత నా బిడ్డ దగ్గరికి ఎవరు వెళ్ళారు?"

మళ్ళీ అమలమ్మే లేచింది.

"నేనొచ్చానయ్యా. గేటు దాకా వచ్చి ఎనక్కి పోయా. పెళ్ళి చెడగొట్టిందాన్ని, ఆ పిల్ల మొకం ఎట్టా చూడను?"

"మేమొస్తే ఇంకా సిగ్గుపడుద్దేమో అనుకున్నామండీ" అంది స్టెల్లా, తల వంచుకుని.

ఇట్లా ఒక్కొక్కరూ. చాటున మంచే అనుకున్నారు, నీ దాకా ఒక్క మాటా రాలేదు. అప్పుడు అమలమ్మ అంది: "ఇప్పుడా పిల్ల పేరు బెజవాడ ఆఫీసులో చదువుతున్నారంటగా. అభ్యంతరం ఉందా అని అక్కడ అడుగుతుంటే మనం ఈడ కూచుంటే ఎట్టా?"

బోర్డుకు అంటిస్తారే గానీ చదవరని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. పెళ్ళి ప్రకటన చదవకుండా ఎట్లా ఉంటారు అని నన్నే ఎదురడిగారు. సోమవారం పొద్దున్నే తెల్లచీరలు కట్టుకుని, గుడికి వచ్చినట్టే వచ్చి రెండు ఆటోలు ఎక్కారు. మీ అమ్మ అందరికంటే ముందు ఎక్కింది. నేను చివర ఎక్కాను. దారి చూపించడానికే అనుకో.

ఆఫీసు వరండాలో వరసగా నిలబడ్డారు. గంట గడిచినా ఎవరూ చదవరే! ఎండ ఎక్కుతోంది. "ఏందయ్యా ఇది, మన పిల్లకి ఇంత మర్యాద కూడా లేదా?" అని స్టెల్లా నా మీదికే వచ్చింది. నాకు పౌరుషం వచ్చిందమ్మా. బోర్డు దగ్గరికి వెళ్ళాను. కరెంటు నోటీసు కింద సగం కనబడకుండా ఉంది నీ పేరు. దాన్ని పైకెత్తి పట్టుకుని, గుళ్ళో పల్పిట్ మీద ఎంత గొంతో అంత గొంతుతో చదివాను. "యేసురత్నం, సంపూర్ణమ్మల కుమార్తె వినీలకూ, స్టీఫెన్‌కూ వివాహం నిశ్చయమైంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

"లేదు!" అన్నారు. ఆ వరండా మోగిపోయింది. స్టాంపు పేపర్లవాళ్ళు, రిజిస్ట్రేషన్ల కోసం వచ్చినవాళ్ళు, అందరూ తలలు తిప్పారు.

గుమస్తా పరుగున వచ్చాడు. "ఏంటండీ ఈ గోల? అభ్యంతరం ఉంటే రాసివ్వండి. లేకపోతే ఏమీ చెప్పక్కర్లేదండీ, మాకు అవసరం లేదు."

"మీకు అవసరం లేదు బాబూ" అంది అమలమ్మ. "లేదని చెప్పకపోతే ఆ పిల్లకెట్టా తెలుస్తది?"

ముప్పై ఏళ్ళుగా వాక్యం చెబుతున్నాను. అంత ప్రసంగం నా నోట ఎన్నడూ రాలేదు. ఇట్లాంటివాళ్ళ నడుమ పుట్టావు వినీలా, గర్వపడు. నేను పడుతున్నాను.

నా మాట మార్చుకున్నానని సంబరపడకు. పెళ్ళి ఇద్దరి సంగతి కాదని నిన్నటికంటే గట్టిగా అంటాను. నువ్వు ఎంచుకున్నవాళ్ళు నువ్వు పిలిస్తే వస్తారు. వీళ్ళు పిలవకుండానే వచ్చారు. ఆలస్యంగా వచ్చారు, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు.

ఆ రోజు నేను వస్తాను. సాక్షులు ముగ్గురు చాలని గుమస్తా చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆ ముగ్గురూ ఎవరని పేటలో తగువులు మొదలయ్యాయి. నా వల్ల తేలడం లేదు. వచ్చి నువ్వే తేల్చు తల్లీ, అమలమ్మ వేలిముద్రకని వేలికి సిరా రాసుకుని ఎదురుచూస్తోంది.

నీ రాక కోసం
నాన్న